వీధివైపు ఆరేసిన గుడ్డలు

ఇనుగుదురుపేట, మచిలీపట్నం
9 జూలై 2025

అనీస్‌కు అమ్మీ రాసేది. అస్సలాము అలైకుమ్.

నిన్న ఫోన్లో నేను "ఆఁ, ఆఁ" అన్నానని ఒప్పుకున్నట్టు అనుకోకు. నాకు సగం మాటలు వినబడలేదు. వినబడాలని స్పీకరు పెడితే నాకంటే ముందు వీధిలోవాళ్లకు చేరతాయి. మొన్న నువ్వు "పాప గుడ్డలు ఉతుకుతున్నాను, తర్వాత చేస్తాను" అన్నమాట పక్కింటి సుందరరాజు విన్నాడు. మర్నాటికల్లా అది పెడనలో మన కలంకారీ షెడ్డుకు చేరింది. అందుకని పోట్లాడాల్సిన విషయాలన్నీ ఇకమీదట ఉత్తరాల్లోనే. నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించినందుకు మా అబ్బాకు ఆ మాత్రం పుణ్యమైనా దక్కనీ.

బస్సు పార్శిల్లో గుడ్డలు పంపాను. ముప్పై రెండు. నా పాత నూలు చీరలు మూడు, మీ నానీ చీర ఒకటి చింపాను. డెబ్భై తొమ్మిదేళ్లు బతికిన మనిషి కట్టిన చీర, పాప ఒంటికి మంచిది. చదరంగా పరిచి కోణంగా మడిచి కట్టడమే, పెద్ద విద్యేమీ కాదు. ఆడపిల్లకు మందం వెనక్కి రావాలి. మగపిల్లాడికైతే ముందుకు. ఈ సంగతి రిజ్వానాకు చెప్పు అని రాయబోయి ఆగాను. చెప్పాల్సింది నీకే కదా.

కోడలు ఆరు నెలల సెలవు అయిపోయి డ్యూటీలో చేరింది, మంచిదే. నాగాయలంక సచివాలయంలో నర్సు ఉద్యోగమంటే మాటలు కాదు. కానీ దానికోసం నువ్వు పని వదిలేసి పిల్లను ఎత్తుకుని కూర్చోవడం ఏమిటి? పదిహేనేళ్లు కలంకారీ అచ్చు వేసిన చెయ్యి నీది. షెడ్డు యజమాని భీమేశ్వరరావు గారు నీ అచ్చు బల్ల ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. "మీవాడి చెయ్యి ఇంకొకరికి రాదండీ, కొన్నాళ్లు చూస్తాను" అన్నారు. పాపను నా దగ్గర దింపి నువ్వు పనిలోకి వచ్చెయ్. నేను షెడ్డు మానేస్తాను. వాళ్ల గుడ్డలు కాలవలో ఉతికింది చాలు, మనవరాలివి ఉతుక్కుంటాను.

అమ్మీ

నాగాయలంక
14 జూలై 2025

అమ్మీకి సలాములు.

నీ ముప్పై రెండు గుడ్డలూ క్షేమం. మేమూ క్షేమమే.

మొదట మంచి మాట. ఆఫియా పాపకు ఒళ్లు కందడం తగ్గింది. గుడివాడ నుంచి మా అత్తగారు పంపిన డైపర్లు ఇంకా రెండు పెట్టెలున్నాయి. ఈ ఉక్కలో అవి పొద్దున వేస్తే సాయంత్రానికి పిల్ల తొడలు ఎర్రగా అయిపోతున్నాయి. రిజ్వానా ఆవిడకు ఆ మాట చెబితే "బందరువాళ్లకు ఇంకా పాత గుడ్డలేనా" అన్నారట. పిల్ల ఒళ్లు బందరు పక్షమే ఉంది మరి.

మడత నీ ప్రకారమే వేశాను గానీ కొంచెం మార్చాను. కోణం వేశాక లోపలికి ఇంకో మడత తీసి వెనక్కి తోస్తున్నాను. కొసలు సరిగ్గా కలవాలి, అచ్చు పక్కన అచ్చు కలిసినట్టు. ముడి పొట్ట మీద వెయ్యను, పక్కకు వేస్తాను. ఇప్పుడు బోర్లా పడుతోంది కదా, ముడి ఒత్తుకుంటే ఏడుస్తుంది. పిన్నీసులు వాడను. రిజ్వానా కట్టిన గుడ్డ అరగంటలో జారిపోతుంది, నాది జారదు. తనే ఒప్పుకుంది.

ఉతకడం కూడా నాకు తెలుసు. ముందు చన్నీళ్లలో జాడించాలి, వేన్నీళ్లు పోస్తే మరక కూర్చుంటుంది. తర్వాత సబ్బు, తర్వాత ఎండ. పచ్చటి మరక ఎంత రుద్దినా పోదు, ఎండలో ఒక పూట ఉంటే దానంతటది పోతుంది. ఇదంతా షెడ్డులో నిన్ను చూసి నేర్చుకున్నదే.

ఎండ దగ్గరే పేచీ వచ్చింది. పెరట్లో గోడ నీడ, అక్కడ ఎండ పడదు. వీధివైపు వరండా ముందే పడుతుంది. వరండా స్తంభం నుంచి గేటు దాకా నైలాన్ తాడు కట్టాను. ఇంటిగలావిడ మంగమ్మ గారు వచ్చి "మగాడివి, అందరికీ కనబడేట్టు అవేంటయ్యా? కనీసం మీ ఆవిడ వచ్చాక ఆవిడ చేత వేయించు" అన్నారు. ఎండ మా ఆవిడ డ్యూటీ అయ్యేదాకా ఆగదండీ అన్నాను. టీ కొట్టు శ్యాంబాబు రోజూ "ఏం బావా, ఇవాళ ఎన్ని" అని అడుగుతాడు. పద్నాలుగు, పదిహేను, ఎన్నయితే అన్నని చెబుతాను. నాలుగు రోజులు చెప్పాక అడగడం మానేశాడు.

పాపను బందరు పంపను అమ్మీ. అది తల్లి పాలు తాగుతోంది. రిజ్వానా మధ్యాహ్నం ఇంటికొచ్చి పాలిచ్చి వెళ్తుంది. ఏడాది దాటి అది నడిచేదాకా నేనే చూసుకుంటాను. భీమేశ్వరరావు గారిని బల్ల ఎవరికైనా ఇచ్చేసుకోమని చెప్పు.

అనీస్

ఇనుగుదురుపేట
20 జూలై 2025

అనీస్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒళ్లు మండింది.

పిల్లను చూసుకో, కాదనను. ఇంట్లో ఉతుక్కో. ఆ గుడ్డల్ని వీధిలో తోరణం కట్టడం ఎందుకు? మనం ఆ ఊళ్లో అద్దెకున్నవాళ్లం. రేపు కోడలు ఇంటింటికీ మందులు ఇవ్వడానికి వెళ్తే, "మీ ఆయన భలే ఉతుకుతాడమ్మా" అని ఆవిడ మొహాన నవ్వరా?

మీ అబ్బాను అల్లా మన్నించుగాక. నువ్వు గుడ్డ తడిపితే ఆయన నన్ను కేకేసేవారు. నేను పొయ్యి దగ్గరున్నా, నీళ్ల పంపు దగ్గరున్నా సరే. నిన్ను ఎత్తి పొడిచోట పెట్టేవారు కాదు. అయినా సైఫుల్లా మంచివాడు అనే అందరూ అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. మగవాళ్లంటే అలాగే ఉండేవాళ్లు.

బల్ల ఇచ్చేసుకోమని నేను చెప్పను. చెబితే నువ్వే వచ్చి చెప్పు, ఆయన మొహం చూసి.

ఇంకో పార్శిల్ పంపుతున్నాను. షెడ్డులో అచ్చు తప్పి పక్కన పడేసిన గుడ్డలు అడిగి తెచ్చాను, పన్నెండు ముక్కలు. అచ్చు పడిన అంచు కత్తిరించేశాను. కరక్కాయ నీళ్లలో, పాలలో ముంచిన గుడ్డ కాబట్టి పసుపుగా ఉంటుంది, కంగారు పడకండి. కందిన చోటుకు కరక్కాయ మంచిది. మిగతా జాగ్రత్తలు నీకు చెప్పాలా, ఆ గుడ్డతోనే పెరిగావు.

పాప బోర్లా పడిన ఫోటో సుందరరాజు ఫోన్లో చూశాను. ముడి పక్కకే ఉంది. బాగానే ఉంది.

అమ్మీ

నాగాయలంక
2 ఆగస్టు 2025

అమ్మీ,

నాలుగు ముక్కలే రాస్తున్నాను, చెయ్యి తిరగడం లేదు. నువ్వు పంపిన కరక్కాయ గుడ్డలు నల్లబడ్డాయి. అది చూసి రిజ్వానా పాపను అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్లింది. నేను వెనకాల బస్సులో వెళ్లాను. ఇప్పుడే ముగ్గురం ఇంటికొచ్చాం. పాప పడుకుంది. మిగతాది తీరిగ్గా రాస్తాను. ప్రస్తుతానికి ఆ గుడ్డలు ఇక పంపకు.

అనీస్

ఇనుగుదురుపేట
5 ఆగస్టు 2025

అనీస్‌కు,

ఫోన్ చేస్తే "బాగానే ఉంది అమ్మీ, పడుకుంది" అన్నావు. పిల్లకు జబ్బు చేసిన ఇంట్లో అందరూ ముసలివాళ్లకు చెప్పేది అదే.

ఇక పంపకు అన్నావు. ఇరవై తొమ్మిదేళ్లుగా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గుడ్డ ఉతుకుతున్నాను. ఏ గుడ్డకు ఏం పట్టిందో చేత్తో తడిమి చెప్పగలను. నా మనవరాలికి చెడ్డ గుడ్డ పంపుతానా? కరక్కాయ గుడ్డ ఇనుముకు తగిలితే నల్లబడుతుంది, అది నిజమే. మన షెడ్డులో నలుపు రంగు తయారుచేసేదే తుప్పు ఇనుముతో. కానీ ఆ గుడ్డను ఇనుముకు తగిలించేంత తెలివితక్కువవాడివి కాదు నువ్వు. పదిహేనేళ్లు అదే పని చేశావు. కాబట్టి నల్లబడింది గుడ్డ వల్ల కాదు, పిల్ల కడుపు చెడి. అది నాకు చెప్పకుండా తప్పు నా గుడ్డల మీదికి తోశారు. కోడలు నర్సు గనక ఆవిడ మాట నెగ్గింది.

మగాడి చేతిలో ఆరు నెలల పిల్లను పెడితే ఏమవుతుందో అదే అయింది. నేను ఇక ఆగను. నిన్న పెడన వెళ్లి అందరి ముందూ భీమేశ్వరరావు గారికి చెప్పాను: "సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి మా అబ్బాయి బల్ల దగ్గర ఉంటాడండీ. ఇది నా మాట." నేను ఉతికే పని నెలాఖరుకు మానేస్తున్నానని కూడా చెప్పాను. నా చోట ఇంకొకర్ని పెట్టుకున్నారు. ముప్పై ఒకటిన పాపను, పాప గుడ్డల్ని తీసుకుని బందరు రా.

మాట ఇచ్చేశాను. నేను ఎవరికీ ఇచ్చిన మాట తప్పలేదు, నీకు తెలుసు.

అమ్మీ

నాగాయలంక
9 ఆగస్టు 2025

అమ్మీకి సలాములు.

నేను అంత తెలివితక్కువవాడినే.

మూడు రోజులు ముసురు పట్టింది. వరండాలో తాడు నిండిపోయింది. కరక్కాయ గుడ్డలు ఎక్కడ వేయాలో తోచక కిటికీ ఊచల మీద వేశాను. ఇనుప ఊచలు, సముద్రపు గాలికి తుప్పు పట్టినవి. నా చేత్తోనే వేశాను. ఆ మూడు రోజులూ గుడ్డ ఎండాలి అనేది తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. తీసేసరికి ఊచకొక నల్లగీత పడింది. చూసి, నా తెలివికి నేనే నవ్వుకుని, మడతపెట్టి, అందులో ఒకటి పాపకు కట్టాను. రంగు ఒంటికేం చెయ్యదు కదా అనుకున్నాను.

నేను గ్యాసు కోసం వెళ్లినప్పుడు రిజ్వానా పాలివ్వడానికి వచ్చింది. గుడ్డ విప్పితే తడికి నలుపు పాకి ఉంది. బిడ్డకు విరేచనం నల్లగా అయితే కడుపులో రక్తం పోతోందని తన చదువు చెబుతుంది. నాకు ఫోన్ చేస్తే నా ఫోన్ ఇంట్లోనే మోగింది. స్కూటీ మీద మంగమ్మ గారిని వెనక కూర్చోబెట్టుకుని, పాపను ఆవిడ ఒళ్లో పెట్టి అవనిగడ్డ వెళ్లిపోయింది. నేను వచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. అవనిగడ్డ ఆస్పత్రికి వెళ్లారని శ్యాంబాబు చెప్పాడు. అమ్మీ, ఆ బస్సులో ఇరవై కిలోమీటర్లు ఎలా కూర్చున్నానో నీకు చెప్పలేను.

ఆస్పత్రిలో ఆ గుడ్డ చూసి "డాక్టరు గారూ, ఇది కరక్కాయ, ఇనుమండీ. నేను కలంకారీ వేసేవాణ్ని" అన్నాను. ఆయన పాప పొట్ట నొక్కి చూసి, నవ్వి పంపేశారు. పాపకు ఏమీ లేదు. ఏమీ లేదు అని ఆ రోజే రాయాల్సింది. నాకు తెలిసిపోయింది కదా, నీకూ తెలిసినట్టే అనుకున్నాను. తప్పు నాది. నీ గుడ్డల్లో తప్పు లేదు, రిజ్వానా కూడా ఒక్క మాట అనలేదు. "పదిహేనేళ్ల పని మర్చిపోయావా" అని నన్ను మాత్రం అంది.

అక్కడొకావిడ చీటీ రాస్తూ, పగలు పాపను ఎవరు చూస్తారని అడిగింది. నేనేనండీ అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నాకు సిగ్గు వేయలేదు. పాప ఎప్పుడు తింది, ఎన్నిసార్లు తడిపింది, ఏ ఏడుపు దేనికో డాక్టరు అడిగినవన్నీ నేనే చెప్పాను. ఆ గదిలో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఇక నీ మాట సంగతి. నన్నడక్కుండా ఇచ్చావు. నేను రాను. ఒకటో తారీఖున రాను, ఆ తర్వాతా రాను. నీ మీద ప్రేమ లేక కాదు.

నువ్వు మగాడి చేతిలో పిల్ల అన్నావు. అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. నేను ఆరు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు, నువ్వు కాలవలో ఉంటే, పగలంతా నన్ను ఎవరు చూశారు?

అనీస్

నాగాయలంక
27 ఆగస్టు 2025

అమ్మీకి,

ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే "తిన్నావా" అని పెట్టేస్తున్నావు. ఆ చివరి మాట అడగకుండా ఉండాల్సింది. రాశాక కొట్టేయబోయాను, కొట్టేస్తే ఇంకా తప్పుగా కనబడుతుందని వదిలేశాను.

వీధిలో తాడు అలాగే ఉంది. మొన్న వాన పడుతుంటే నేను పాపకు స్నానం చేయిస్తున్నాను. లేచి వచ్చేసరికి గుడ్డలన్నీ వరండాలో కుర్చీ మీద ఉన్నాయి. మంగమ్మ గారు తీశారట. "నువ్వు మడతపెట్టినట్టు నాకు రాదు, నువ్వే పెట్టుకో" అన్నారు.

ఆఫియా ఆసరా లేకుండా కూర్చుంటోంది. పది లెక్కపెట్టేలోపు పడిపోతుంది.

వచ్చే నెల పదిహేను నుంచి రిజ్వానాకు వారం రోజులు ట్రైనింగ్, పాపను తనతోపాటు తీసుకెళ్తుంది. అంతకు ముందు నువ్వొచ్చి ఒక వారం ఉండు. పాపను నీకు అప్పగించడానికి కాదు. నేనెలా చూస్తున్నానో నువ్వు చూడాలని. నెలాఖరుకు ఉతికే పని మానేస్తున్నావు కదా, తీరికే ఉంటుంది.

భీమేశ్వరరావు గారికి నేనే ఫోన్ చేసి రానని చెప్పాను. నీ మాట పోయింది, నా వల్లే పోయింది. దానికి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

అనీస్

ఇనుగుదురుపేట
7 సెప్టెంబరు 2025

అనీస్‌కు, కోడలు రిజ్వానాకు, పాపకు దుఆలు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి నెల పట్టింది.

నిన్ను ఎవరూ చూడలేదు. మీ అబ్బా పనిలేని రోజు కూడా పగలు ఇంట్లో ఉండేవారు కాదు. నిన్ను షెడ్డుకు తీసుకెళ్లి కరక్కాయ బస్తాల మధ్య పడుకోబెట్టేదాన్ని. గుడ్డ తడుపుకుని గంటలకొద్దీ అందులోనే ఉండేవాడివి. నా చేతులు కాలవలో ఉండేవి, వదిలేసి వస్తే తాన్లు కొట్టుకుపోతాయి. నీ ఏడుపు గట్టు దాకా వినబడేది. అప్పట్లో నా చెవులు బాగా పనిచేసేవి. నీ తొడల మీద మచ్చలు ఉన్నాయి చూసుకో, అవి అప్పటివి. నిన్ను ఒక్కరు, ఒక్క పూట ఎత్తుకుని ఉంటే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. నీ కూతుర్ని ఎత్తుకున్న మనిషిని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఒకదాన్ని. నవ్వడం కాదు, తిట్టాను. ఇంక తిట్టను.

నా మాట పోయిందన్నావు. పోలేదు. మా అబ్బాయి బల్ల దగ్గర ఉంటాడన్నాను, నువ్వు రానన్నావు. బల్ల దగ్గర మన ఇంటి మనిషి ఉండాలి, అంతే కదా. ఒకటో తారీఖు సోమవారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డుకు వెళ్లి నీ బల్ల ముందు నేను నిలబడ్డాను.

అందరూ పని ఆపి చూశారు. ఊళ్లో వేరే షెడ్లలో ఆడవాళ్లు అచ్చు వేస్తున్నారు గానీ మన షెడ్డులో అది లేదు. ఆడవాళ్లకు గుడ్డ ఉతకడం, రంగులో ఉడకబెట్టడం, అంతే. పక్క బల్ల రాజకుమార్ "పిన్నిగారూ, నీళ్ల తొట్టి అటు" అన్నాడు. నాకు వినబడలేదనుకున్నాడు. భీమేశ్వరరావు గారు లేచి వచ్చారు.

"కరీమున్నీసా గారూ, ఇది ఆడవాళ్లు చేసే పని కాదండీ."

"మా అబ్బాయి చేసేది మగవాళ్లు చేసే పని కాదన్నారు కదండీ. వాడు చేస్తున్నాడు" అన్నాను.

అచ్చు తీసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు మీరందరూ వేసిన గుడ్డ నా చేతుల మీదుగా వెళ్లింది. ఎవరి అచ్చు ఎక్కడ జారుతుందో, ఎవరు రంగు ఎక్కువ పట్టిస్తారో అన్నీ నాకు తెలుసు. మగవాళ్లు అన్నానికి వెళ్లినప్పుడు చిత్తుగుడ్డ మీద వేసి చూసుకుని, వాళ్లు వచ్చేలోపు నీళ్లలో ముంచేసేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ అబ్బాకూ చెప్పలేదు.

అయినా మొదటి గజం వంకరపోయింది. రాజకుమార్ నవ్వాడు. రెండో గజం కొంచెం తిన్నగా వచ్చింది. మధ్యాహ్నానికి చెయ్యి కుదిరింది. సాయంత్రం భీమేశ్వరరావు గారు నేను వేసిన తాను మొత్తం విప్పించి, కళ్లజోడు పెట్టుకుని చూశారు. "మొదటి గజం కోసేయండి, మిగతాది ఉడకబెట్టడానికి పంపండి" అన్నారు. మర్నాడు ఆ బల్ల దగ్గరికి ఇంకెవరూ రాలేదు, నేనే వెళ్లి నిలబడ్డాను.

భుజం నొప్పిగా ఉంది. నొప్పి తగ్గాలంటే నువ్వేం చేసేవాడివో రాయి.

ఈ వీధిలో ఎవరైనా నీ సంగతి ఎత్తితే ఇప్పుడు నేనే ముందు చెబుతున్నాను, గట్టిగా, స్పీకరు అక్కర్లేకుండా. మా అబ్బాయి పిల్లను చూసుకుంటున్నాడు, నేను అచ్చు వేస్తున్నాను అని. సుందరరాజు తలుపు వేసుకుంటున్నాడు.

నన్ను వచ్చి వారం ఉండమన్నావు. పాపను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ దసరాకు పెద్ద ఆర్డరు వచ్చింది, నాకు సెలవు దొరకదు. పాపను నువ్వే చూసుకో.

కరీమున్నీసా